గెలాక్సీల ఆకారమును, నాభియందలి నక్షత్రజననమును

వేసవికాలమున చంద్రుడు లేని రాత్రి, ఊరి దీపములకు దూరముగా నిలిచి దక్షిణదిక్కునకు జూచినచో, వృశ్చికరాశికి తూర్పున ధనూరాశి నక్షత్రములు కానవచ్చును. పాలపుంత మఱెచ్చటను లేనంత దట్టముగను వెడల్పుగను అచ్చట నుండును. ఆకాశగంగ యని మన పెద్దలు పిలిచిన యా తెల్లని చాలు మనము నివసించుచున్న గెలాక్సియే. దానిని లోపలినుండి చూచుచున్నాము గనుక అది యొక పట్టెవలె మాత్రమే మనకు దోచుచున్నది. ధనూరాశి వైపున రమారమి 26,000 కాంతిసంవత్సరముల దవ్వున దాని నాభి యున్నది. నాభినుండి బయలుదేరిన మామూలు వెలుతురులో లక్షకోట్ల పాళ్లకు ఒక పాలు మాత్రమే మనలను చేరుచున్నది. తక్కినదానిని త్రోవలోని ధూళి మ్రింగివేయుచున్నది. అయినను ధూళిని దాటి రాగల రేడియో తరంగములచేతను, పరారుణ కిరణములచేతను, ఎక్స్ కిరణములచేతను అచ్చటి సంగతులు శాస్త్రజ్ఞులకు చాలవఱకు తెలిసినవి. అట్లు తెలిసినవానిలో నొకటి వింతయైనది. నక్షత్రములు పుట్టుటకు కావలసిన వాయువు అచ్చట సమృద్ధిగా నున్నది. కాని నక్షత్రములు మాత్రము పుట్టవలసినన్ని పుట్టుట లేదు. ఇతర గెలాక్సీలలో కొన్నింటి నాభులందో, క్రొత్త నక్షత్రములు గుంపులు గుంపులుగా బుట్టి బాణసంచావలె వెలుగుచున్నవి.

ఈ భేదమునకు కారణము వెదకబోయినవారు గెలాక్సి యొక్క మొత్తము ఆకారమును పరిశీలింపవలసివచ్చెను. వేలకొలది కాంతిసంవత్సరముల మేర వ్యాపించియున్న ఆకారము, నడుమనున్న కొద్దిపాటి తావులో నక్షత్రములు పుట్టుటను, పుట్టకుండుటను చాలవఱకు శాసించుచున్నదని తేలినది. ఈ సంబంధ మెట్టిదో, దానిని ఎంతవఱకు నమ్మవచ్చునో తెలుపుటయే యీ వ్యాసము నుద్దేశము. కాంతిసంవత్సరమనగా కాంతి యొక యేట పోవు దూరము. రమారమి 9,46,000 కోట్ల కిలోమీటర్లు. ఈ కొలతను పాఠకులు జ్ఞాపకమందుంచుకొనవలయును.

గెలాక్సీల ఆకారములు తెలియుటకు చాలకాలము పట్టినది. 1845వ సంవత్సరమున ఐర్లండు దేశములోని బిర్ అను చోట రాస్ ప్రభువు 72 అంగుళముల వెడల్పుగల లోహపుటద్దముతో దూరదర్శినిని నిర్మించి, మెసియే పట్టికలో 51వదియైన మసక మబ్బును జూచి, అది సుడి తిరిగిన ఆకారము గలదని మొట్టమొదట కనుగొని బొమ్మ గీచెను. అది మన పాలపుంతలోని మబ్బో, వెలుపలి మఱియొక లోకమో యప్పటికి ఎవ్వరికిని తెలియదు. 1923 అక్టోబరులో ఎడ్విన్ హబుల్ అను నతడు కాలిఫోర్నియాలోని మౌంట్ విల్సన్ కొండమీది 100 అంగుళముల దూరదర్శినితో, ఆండ్రోమిడా మబ్బునందు వెలుగు క్రమముగా హెచ్చుచు తగ్గుచునుండు సెఫీడు జాతి నక్షత్రమును పట్టుకొని, దానినిబట్టి దూరమును లెక్కించి, ఆ మబ్బు పాలపుంతకు వెలుపల నున్న వేఱొక గెలాక్సి యని స్థాపించెను. 1926లో నతడే గెలాక్సీలను ఆకారమునుబట్టి తెగలుగా విభజించెను. గ్రుడ్డువలె నుండునవి దీర్ఘవృత్తములు. సుడి తిరిగిన బాహువులు గలవి సర్పిలములు. ఏ తీరును లేనివి క్రమరహితములు. సర్పిలములలో మరల రెండు తెగలు. ఒక తెగలో బాహువులు నడిమి ఉబ్బునుండియే బయలుదేరును. రెండవ తెగలో నాభికి అడ్డముగా, బండి యిరుసువలె, నక్షత్రములతో నిండిన యొక పొడవైన దండముండును. బాహువులు ఆ దండము కొనలనుండి బయలుదేరును. వీనినే దండయుత సర్పిలము లందురు.

మామూలు వెలుతురులో తీసిన ఛాయాచిత్రములలో, బలమైన దండము సర్పిలములలో మూడింట నొక పాలువానికి మాత్రమే కానవచ్చును. పరారుణ కిరణములతో తీసినప్పుడు ధూళి యడ్డు తొలగి, బలహీనములైన దండములు సైతము బయటపడి, మూడింట రెండు పాళ్లకు దండమున్నట్లు తేలినది. కావున దండమనునది వికారము కాదు. అదియే వాడుక, అది లేకుండుటయే విశేషము. మన పాలపుంతకును దండము గలదని జెరార్ ద వొకులూర్ 1964లో నూహించెను. 1991 మొదలుకొని వాయువు చలనములును, పరారుణ పరిశీలనలును దానిని స్థిరపఱచినవి. నాభినుండి ఒక్కొక్క వైపున అది 11,000 మొదలు 16,000 కాంతిసంవత్సరముల వఱకు సాగియున్నదని వేర్వేఱు లెక్కలు చెప్పుచున్నవి.

దండమనగానే గట్టి వస్తువని తలపరాదు. అది నక్షత్రముల త్రోవలచే నేర్పడిన యొక అమరిక. గెలాక్సి చక్రమునందు సామాన్యముగా నక్షత్రములు గుండ్రని త్రోవలలో తిరుగును. చక్రములోని నక్షత్రములు ఇటునటు చెదరక యొకే తీరున నడచుచున్నప్పుడు, ఏ కొద్దిపాటి యొడుదుడుకు కలిగినను ఆ త్రోవలు కోలగా సాగి, ఒకే దిక్కునకు వరుసదీరును. అట్లు వరుసదీరినవాని యాకర్షణ మఱికొన్ని త్రోవలను తనలోనికి లాగుకొనును. 1973లో జెరెమయా ఆస్ట్రైకర్, జేమ్స్ పీబుల్స్ అను నిరువురు కంప్యూటరుతో లెక్కవేసి, అట్టి చక్రము తనంత తానే దండముగా మారుననియు, మారక నిలువవలెనన్న చుట్టును గొప్ప బరువు వేఱే యుండవలయుననియు చూపిరి. పొరుగు గెలాక్సి దాపునకు వచ్చి పోయినను దండ మేర్పడవచ్చును. ఒకసారి యేర్పడిన పిదప, అందలి నక్షత్రములు మారుచున్నను దండపు రూపు మొత్తముగా తిరుగుచుండును. పాలపుంత దండము సుమారు పదిహేను కోట్ల సంవత్సరముల కొక చుట్టు తిరుగుచున్నది. నాభిచుట్టును ఒకసారి తిరుగుటకు సూర్యునికి ఇరువది కోట్లకు మించిన సంవత్సరములు పట్టును.

ఇచ్చట నొక భేదమును గమనింపవలయును. దండములో నక్షత్రములును గలవు, వాయువును గలదు. రెంటిని ఒకే యాకర్షణ నడిపించుచున్నను వాని నడవడి వేఱు. నక్షత్రములు ఎంత దూరదూరముగా నున్నవో చూడుడు. సూర్యుని ఒక ఆవగింజగా జేసి విజయవాడలో నుంచితిమేని, ఆల్ఫా సెంటారీ యను పొరుగు నక్షత్రము ఏలూరిలో నుంచిన మఱియొక ఆవగింజ యగును. నడుమ నంతయు శూన్యమే. గెలాక్సి నాభికి చేరువను ఇంతకంటె చాల దట్టముగా నున్నను, అచ్చట సైతము నక్షత్రములు ఒకదానికొకటి ఢీకొనుట మిక్కిలి యరుదు. కావున రెండు నక్షత్రప్రవాహములు ఎదురుపడినను ఒకదానిలోనుండి యొకటి దాటిపోవును. వాయు వట్లు కాదు. రెండు కాలువల నీరు ఎదురెదురుగా వచ్చి కలిసినచో ఒకటి రెండవదానిలోనుండి దాటిపోజాలదు గదా. వాయుప్రవాహములు తాకికొన్నప్పుడు నొక్కబడును, వేడెక్కును, ఆ వేడిని కిరణరూపమున వెలికి పంపివేయును. ఇట్లు పోయిన శక్తి మరల రాదు.

అయినను వాయువు నాభిని చేరుటకు పెద్ద యాటంక మొకటి గలదు. త్రాటి కొనకు రాయి గట్టి త్రిప్పుచు, త్రాటిని వ్రేలికి చుట్టుకొననిచ్చినచో, త్రాడు కుఱుచయైన కొలదియు రాయి వడిగా తిరుగుట పిల్లలందఱు ఎఱుగుదురు. గెలాక్సిలోని వాయువునకును ఇదే న్యాయము. లోనికి జరుగబోయిన కొలదియు దాని వడి హెచ్చును. ఆ వడియే దానిని లోనికి పడనీయదు. తిరుగు వస్తువునకుండు నీ గుణమును కోణీయ ద్రవ్యవేగ మందురు. దానిని వదలించుకొననిదే వాయువు నాభిని చేరజాలదు. ఆకారము గుండ్రముగా, అన్ని వైపుల నొకే తీరుగా నున్న గెలాక్సిలో వదలించుకొను మార్గము దాదాపుగా లేదు. ఏలయన అట్టి గెలాక్సి యాకర్షణ వాయువును లోనికి లాగునే గాని వెనుకకు లాగదు. ఆకారమునకు ప్రాముఖ్యము కలుగుట ఇచ్చటనే.

దండము గుండ్రనిది కాదు. దండము మేర లోపల వాయువు దండముకంటె వేగముగా తిరుగుచుండును. అది దండమును వెనుకనుండి కలిసికొని, దాటి, ముందరి యంచునకు వచ్చునప్పటికి, అచ్చట ప్రవాహములు ఒకదానితో నొకటి ఒరసికొని, వాయువు నొక్కబడి సన్నని బారుగా నగును. అప్పుడు దండపు బరువంతయు దానికి వెనుకనుండును. ఆ బరువు వాయువును వెనుకకు లాగును. ఇట్లు వేగము గోల్పోయి, తన కోణీయ ద్రవ్యవేగమును దండమునకు అప్పగించి, వాయువు నాభివైపునకు జాఱును. దండయుత గెలాక్సీల ఛాయాచిత్రములు చూచినవారికి, దండము పొడవునను, ముందరి యంచు నంటుకొని, రెండు నల్లని ధూళిచాళ్లు కనబడును. అవియే యీ తాకిడి జరుగుచున్న తావులు. 1992లో లియా అథనసూలా యను విదుషి కంప్యూటరు గణనలచేత, దండపు బలము, తిరుగు వేగము ఇట్టివని యనుకొన్నచో ధూళిచాళ్లు ఇట్టి వంపుతో రావలెనని చూపగా, అవి ఛాయాచిత్రములలోని చాళ్లతో సరిపోయినవి. కొందఱు దండమును కవ్వముతో పోల్చుదురు. పోలిక సగమే పొసగును. కవ్వము చల్లను అంచులకు తఱుమును. ఈ కవ్వము తన మేరలోపలి వాయువును నడుమకు చేర్చి, మేర వెలుపలి వాయువును మాత్రము బయటికి నెట్టును.

జాఱిన వాయువు తిన్నగా నాభిబిందువునకు పడునా? పడదు. నాభికి కొన్ని వందలు మొదలు మూడు నాలుగు వేల కాంతిసంవత్సరముల దూరమున, కోలత్రోవల దిక్కు మారు తావొకటి యుండును. స్వీడను దేశపు బెర్టిల్ లిండ్‌బ్లాడ్ లెక్కించిన యనునాదముల సిద్ధాంతము వలన ఈ తావు ఎచ్చట నుండునో ఇంచుమించుగా చెప్పవచ్చును. అచ్చట దండపు లాగుడు బలము సన్నగిల్లును. వాయువు ఇంక లోనికి జాఱక, గుండ్రని త్రోవలలో తిరుగుచు వలయముగా పోగుపడును. గానుగలో గింజ పడిన చోటనే పడినట్లు, మీదిమీద వచ్చు వాయువు అచ్చటనే కూడుచుండును. కొంతకాలమునకు వలయము తన బరువును తానే భరింపజాలక ముక్కలై, ఆ ముక్కలు కుంచించుకొని నక్షత్రములగును.

ఉన్న వాయువే తావు మారినంత మాత్రమున నక్షత్రములు హెచ్చుగా నెందుకు పుట్టవలెను? ఈ ప్రశ్న విద్యార్థులకు కలుగవలసినదే. జవాబు ఒక చిన్న లెక్కలో నున్నది. 1959లో మార్టెన్ ష్మిట్ ఊహించి, 1998లో రాబర్ట్ కెన్నికట్ పెక్కు గెలాక్సీలను కొలిచి స్థిరపఱచిన సూత్రము ప్రకారము, ఒక వైశాల్యములోని వాయువు రెట్టింపైనచో ఆ వైశాల్యమునందు పుట్టు నక్షత్రములు రెట్టింపు గాక, రెండున్నర రెట్లకు పైగా నగును. వాయువు పదిరెట్లైనచో నక్షత్రములు సుమారు ఇరువదియైదు రెట్లగును. ఒక పెద్ద పళ్లెరములో పలుచగా పఱచిన వాయువును అందులో పదవ వంతు తావునకు త్రోసితి మనుకొందము. దట్టము పదిరెట్లు, చదరమునకు పుట్టుక యిరువదియైదు రెట్లు, తావు పదవ వంతు, కావున మొత్తము మీద రెండున్నర రెట్లు. ఒక్క బొట్టు వాయువు చేర్పకయే, కేవలము కూడదీయుటచేత, పుట్టుక యింత హెచ్చినది.

ఇట్టి వలయములకు చక్కని యుదాహరణము ఫోర్నాక్సు రాశిలోని ఎన్.జి.సి. 1097 అను గెలాక్సి. అది మనకు దాదాపు నాలుగున్నర కోట్ల కాంతిసంవత్సరముల దూరమున నున్నది. దాని దండము వెంబడి రెండు ధూళిచాళ్లు లోనికి దిగి, నాభిచుట్టును రమారమి 5,000 కాంతిసంవత్సరముల వ్యాసముగల వలయమును చేరును. ఆ వలయమున క్రొత్త నక్షత్రముల గుంపులు వందలకొలదిగా, పూసలు గ్రుచ్చినట్లు మెఱయుచున్నవి. వలయము నడుమ నొక నల్లని బిలము. 2015లో చిలీ దేశపు ఎడారిలోని ఆల్మా రేడియో దూరదర్శినులతో దాని బరువు పదునాలుగు కోట్ల సూర్యుల బరువని లెక్కించిరి. వలయమునుండి ఆ బిలమువఱకును వాయువు ఎట్లు దిగుచున్నదను విషయము వేఱొక పెద్ద కథ. బెరనీసు కురులు అను రాశిలోని ఎన్.జి.సి. 4314 మఱియొక తీరుది. దాని బాహువులలో క్రొత్త నక్షత్రములు దాదాపుగా లేవు. ఉన్నవన్నియు నాభి వలయమునందే. ఇంటి ధాన్యమంతయు గాదెకు చేర్చి పొలమును బీడు వదలినట్లున్నది. హైడ్రా రాశిలోని మెసియే 83, కోటిన్నర కాంతిసంవత్సరముల దూరమున నున్న దండయుత సర్పిలము. దాని నాభియందును నక్షత్రములు మిక్కిలి వడిగా పుట్టుచున్నవి.

రెండు మూడు చక్కని యుదాహరణములచేత నియమము రుజువుకాదు. సందేహించువారు, "దండములేని గెలాక్సీలలో మాత్రము ఇట్టి నాభులు లేవా?" యని యడుగవచ్చును. ఈ ప్రశ్నకు జవాబు మెల్లమెల్లగా వచ్చినది. 1960 దశకమున ఆర్జెంటీనా శాస్త్రజ్ఞులగు హోసే సెర్సిక్, మిరియానీ పాస్టొరీసా యనువారు నాభియందు మెఱయు మచ్చలుగల గెలాక్సీలను పరిశీలించి, అవి యిందుమించుగా దండముగలవే యని గుర్తించిరి. 1983 జనవరిలో ఐరాస్ అను ఉపగ్రహమును ఆకాశమునకు పంపిరి. అది పది నెలలు పరారుణ కిరణములతో ఆకాశమంతయు గాలించినది. క్రొత్త నక్షత్రములు తమచుట్టునున్న ధూళిని వేడిచేయును. ఆ ధూళి పరారుణ కిరణములను వెలిగ్రక్కును. కావున పరారుణపు హెచ్చు నక్షత్రజననమునకు గుర్తు. 1986లో ఆ కొలతలను విడదీసి చూచినవారికి, దండముగల సర్పిలములలో పెక్కింట 25 మైక్రాన్ల తరంగములు హెచ్చుగా నున్నట్లును, దండములేనివానిలో అట్టి హెచ్చు లేనట్లును కనబడెను. 1999లో జపానులోని నొబెయామా, కాలిఫోర్నియాలోని ఓవెన్స్ లోయ రేడియో దూరదర్శినులతో ఇరువది సర్పిలములలో కార్బన్ మోనాక్సైడు వాయువును కొలిచి, దండముగలవానియందు వాయువు నాభివద్ద హెచ్చుగా కూడియున్నదని చూపిరి. మొదటిది రూపసాక్ష్యము, రెండవది కార్యసాక్ష్యము, మూడవది కారణసాక్ష్యము. మూడును ఒకే మాట చెప్పినప్పుడు నమ్మక తప్పదు.

నమ్మవలసినది ఎంతవఱకు? 1997లో నాలుగువందలకు పైబడిన సమీప గెలాక్సీల వర్ణపటములను పరిశీలించిన పనిలో, దండపు ప్రభావము హబుల్ పట్టికలోని ముందు తరగతుల సర్పిలములలో, అనగా ఉబ్బు పెద్దదై బాహువులు బిగువుగా చుట్టుకొన్నవానిలోనే స్పష్టముగా నున్నదనియు, బాహువులు వదులుగా నున్న చివరి తరగతులలో దాదాపుగా కానరాదనియు తేలినది. దండము వాహకమే గాని వాయువును సృజించునది కాదు. చెఱువు ఎండిన తరువాత తూము ఎంత వెడల్పుగా నున్నను లాభమేమి? ఇంతేగాక ఉబ్బు మిక్కిలి పెద్దదైనచో దాని బలమైన యాకర్షణచేత చక్రములోని వాయువు పొరలు ఒకదానిపై నొకటి వేర్వేఱు వేగములతో రాసికొని పోవుచు, మబ్బులుగా కుదురుకొనజాలవు. వాయు వున్నను నక్షత్రము పుట్టదు. ఈ యాలోచనను 2009లో కంప్యూటరు గణనలు బలపఱచినవి. కావున ఒకే ఆకారములోని రెండు భాగములు, దండము పెంచునదియు ఉబ్బు అణచునదియునై, ఎదురెదురుగా లాగుచున్నవి. దండములేని గెలాక్సి కూడ, పొరుగుదానితో తాకిడి కలిగినచో, నాభిని వెలిగించుకొనగలదు.

మఱియొక సంగతి మొదట నెవరును ఎదురుచూడనిది. దండము నాభిని పోషించుచు తానున్న తావును మాత్రము ఎడారి చేసికొనును. సింహరాశిలో మెసియే 95 అను దండయుత సర్పిలము గలదు. మనకు మూడు కోట్ల కాంతిసంవత్సరములకు పైబడిన దూరమున నున్నది. దాని నాభివద్ద చిన్న వలయము, దండము కొనలచుట్టును పెద్ద వలయము కలవు. రెండు వలయములందును నక్షత్రములు పుట్టుచున్నవి. నడుమనున్న దండపు మేరయందు? 2015 సెప్టెంబరు 28న మన శ్రీహరికోటనుండి ఎగిరిన ఆస్ట్రోశాట్ ఉపగ్రహములో అతినీలలోహిత కిరణములను పట్టు జంట దూరదర్శినులు గలవు. క్రొత్త నక్షత్రములు ఆ కిరణములను మెండుగా వెదజల్లును. ఆ దూరదర్శినులతో మెసియే 95ను చూచి, రేడియో కొలతలతో పోల్చి, 2019లో ప్రకటించిన భారతీయ శాస్త్రజ్ఞులు, దండపు మేరలో అతినీలలోహితపు వెలుగును లేదు, దాదాపుగా వాయువును లేదని చూపిరి. దండము ఆ మేరను ఊడ్చివేసి, ఉన్నదంతయు నాభికి చేర్చినదన్నమాట. నెల్లూరు సీమ సముద్రతీరమునుండి పైకిపోయిన పనిముట్టు ఇట్టి ప్రశ్నకు జవాబు చెప్పుట తెలుగు విద్యార్థులు తెలిసికొనదగిన విషయము.

దీనినిబట్టి దండము గెలాక్సికి మేలు చేయుచున్నదా, కీడు చేయుచున్నదా యని వాదించువారు గలరు. వాదము నా కంతగా రుచింపదు. అది వేగిరపఱచుచున్నది, అంతమాత్రమే నిశ్చయముగా చెప్పవచ్చును. మెల్లగా ననేక కోట్ల సంవత్సరములలో ఖర్చు కావలసిన వాయువు త్వరగా ఖర్చగును. ఇది యెప్పటినుండి జరుగుచున్నదను ప్రశ్నకు హబుల్ పేరుగల యాకాశ దూరదర్శిని కొంత సమాధాన మిచ్చినది. దూరపు గెలాక్సీల వెలుతురు పూర్వకాలపు వెలుతురు. 2008లో ప్రకటించిన పరిశీలనలో, రెండువేలకు పైబడిన సర్పిలములను దూరక్రమమున నమర్చి చూడగా, ఏడువందల కోట్ల సంవత్సరముల క్రిందట అయిదింట నొక పాలు సర్పిలములకే దండముండెననియు, నేటికి మూడింట రెండు పాళ్లకు వచ్చినదనియు తేలినది. 2021 డిసెంబరు 25న ఎగిరిన వెబ్ దూరదర్శినిచేత, విశ్వమునకు నేటి వయస్సులో నాలుగవ వంతైన లేని కాలమునందు సైతము కొన్ని దండములున్నట్లు 2023లో బయటపడినది. అనగా ఏలుబడి క్రొత్తదైనను వంశము పాతదే.

ఇక మన పాలపుంత నాభికి మరలుదము. సిద్ధాంతము ప్రకారము ఇచ్చట నన్నియు సిద్ధముగా నున్నవి. దండమున్నది, ధూళిచాళ్ల వెంబడి యేటేట ఇంచుమించుగా ఒక సూర్యుని బరువంత వాయువు లోనికి దిగుచున్నది, నాభిచుట్టును కొన్ని వందల కాంతిసంవత్సరముల మేర మూడు మొదలు అయిదు కోట్ల సూర్యుల బరువుగల వాయువు కూడియున్నది. పుట్టుచున్న నక్షత్రములో, యేడాదికి సూర్యునిలో పదవ వంతు బరువు మాత్రమే. అంత దట్టమైన వాయువులో పుట్టవలసినదానికి ఇది రమారమి పదవ పాలు. నాభిదగ్గఱ "ఇటుక" అని ముద్దుపేరు గల యొక నల్లని మబ్బున్నది. లక్ష సూర్యుల బరువు గలదై, మన పరిసరములలోనైనచో ఈ పాటికి నక్షత్రములతో నిండవలసినది. అయినను దానిలో పుట్టుక జాడలు స్వల్పముగా తప్ప కానరావు.

దీనికి రెండు తీరుల సమాధానములు చెప్పుచున్నారు. నాభియందలి మబ్బులు మన పరిసరపు మబ్బులవలె చల్లగా, నెమ్మదిగా నుండవు. వానిలో వేడి యెక్కువ, లోపలి అలజడి మఱియు నెక్కువ, అయస్కాంతబలమును అధికము. కావున కుంచించుకొనుటకు ఇంకను హెచ్చు దట్టము కావలయును. ఇది మొదటి సమాధానము. రెండవది, పుట్టుక యెడతెగక సాగునది కాదు, విడతలుగా జరుగును. వాయువు నిండువఱకు నిలిచి, నిండినంతనే ఒక్కసారిగా పెల్లుబికి, పుట్టిన పెద్ద నక్షత్రముల ప్రేలుళ్లచేత మిగిలిన వాయువు చెదరి, మరల శాంతించును. మనము శాంతించిన వేళ చూచుచున్నామని వీరి మతము. నాభిచుట్టునున్న ఆర్చెస్, క్వింటుప్లెట్ అను రెండు నక్షత్రకూటములు రెండు మొదలు అయిదు లక్షల వత్సరముల పదిరెట్లు, అనగా ఇరువది మొదలు ఏబది లక్షల సంవత్సరముల వయస్సు గలవి. అంత యిటీవల గట్టి పుట్టుక జరిగినదనుటకు అవి సాక్ష్యము. 2020లో నాభి నక్షత్రముల వెలుగులను వేర్వేఱుగా కొలిచినవారు, వానిలో నూటికి ఎనుబదికి పైగా ఎనిమిదివందల కోట్ల సంవత్సరములకు పూర్వమే పుట్టినవనియు, తరువాత చిరకాలము నిద్రయనియు, నూఱు కోట్ల సంవత్సరముల క్రిందట మరల నొక విజృంభణ మనియు చూపిరి. రెండు సమాధానములు ఒకదాని నొకటి కాదనవు. నాకు జూడగా రెండును కొంత కొంత నిజమే.

ఇతర గెలాక్సీల నాభులతో పోల్చిగాని ఈ సంగతి తేలదు. అందుకై ఆల్మాతో తొంబది సమీప గెలాక్సీల వాయుమేఘములను ఒక్కొక్కటిగా పటము గీచిరి. వానిలో పందొమ్మిదింటిని వెబ్ దూరదర్శిని తీసిన చిత్రములు 2024 జనవరిలో వెలువడినవి. వానియందు ధూళిచాళ్లు దండము వెంబడి దిగి వలయమును చేరు తీరు, వలయమున పూసలవలె వరుసదీరిన పిల్లనక్షత్రముల గుంపులు, ఏ పూస ముందు పుట్టినదో యేది పిదప పుట్టినదో చెప్పగలిగినంత విడివిడిగా కానవచ్చుచున్నవి. చాళ్లు వలయమును తాకు రెండు తావులకు చేరువనున్న పూసలు పసివిగా, దూరమునకు పోయిన కొలది పెద్దవిగా నుండునా, లేక వలయమంతట చెల్లాచెదరుగా పుట్టుచున్నవా యని యిప్పుడు లెక్కించుచున్నారు. మొదటిదైనచో దండము వాయువును తెచ్చిపోయుటయే గాక పుట్టుకను సయితము తానే ప్రారంభించుచున్నదనవలెను; రెండవదైనచో వలయము తన బరువుచేత తానే విడుచున్నదనవలెను. కొన్ని గెలాక్సీలు మొదటి పక్షమునకును, కొన్ని రెండవ పక్షమునకును సాక్ష్య మిచ్చుచున్నవి.